పదో తరగతి జిల్లా, మూడో తరగతి పిల్ల

ఏటా మార్చి ఆఖరి వారంలో మా అక్క ఫోన్ వస్తుంది. బాగోగులు అడగడానికి కాదు. "తమ్మీ, పైసలు పడ్డయిరా. ముప్పై ఒకటో తారీఖు లోపల ఖర్సు పెట్టాలె. జెర ఒచ్చిపో."

అక్క వర్ధన్నపేట అవతల ఒక ఊళ్లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ, అంటే చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్. ఉన్నది ఇద్దరు టీచర్లు. అందులో సీనియర్ కాబట్టి హెచ్చెం పని కూడా ఆమె నెత్తినే. నేను హన్మకొండ నక్కలగుట్టలో జీఎస్టీ రిటర్నులు వేసి, ఆడిట్ ఫైళ్లు సర్ది బతికేవాడిని. ఇంట్లో లెక్కలొచ్చినవాడు ఒకడున్నాడు గనక బడి క్యాష్‌బుక్ నా పాలబడింది. ఆరేళ్లుగా రాస్తున్నా. ఇప్పుడు నేను చెప్పబోయేదంతా ఆ క్యాష్‌బుక్ తిరగేస్తుంటే తోచిందే.

పడ్డ పైసలంటే కాంపోజిట్ గ్రాంటు. సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు వేసుకునే డబ్బులోంచి బడి చిల్లర ఖర్చులకు వచ్చేది. 30 మంది లోపు పిల్లలుంటే ఏడాదికి 10,000 రూపాయలు, 100 దాకా ఉంటే 25,000, 250 దాకా అయితే 50,000. అక్క బళ్లో 27 మంది. పదివేలను 220 పనిదినాలకు పంచితే రోజుకు 45 రూపాయలు. హన్మకొండ చౌరస్తాలో ముగ్గురం నిలబడి చాయ్ తాగితే ఒడిసిపోతుంది. చాక్‌పీసులు, హాజరు పట్టీలు, చీపుర్లు, ఫినాయిల్, బల్బులు, జెండా తాడు, పంద్రాగస్టు చాక్లెట్లు అన్నీ అందులోనే. పదో వంతు స్వచ్ఛత పద్దుకే పెట్టాలని రూలు కూడా ఉంది.

మొత్తం తక్కువని నేను పెద్దగా గొడవపడను. ఆ తక్కువ కూడా అక్కరకు రాదు, అదీ నా బాధ. గ్రాంటు రెండు విడతలు. రెండో విడత వచ్చేసరికి తరచూ మార్చి అవుతుంది. బడి ఏడాది జూన్ 12న మొదలై ఏప్రిల్ 23కు ముగుస్తుంది. అంటే ఏడాదికి సరిపడా సామాను అప్పుడు కొంటే, ఆ ఏడు వాడుకోవడానికి మిగిలేది మూడు వారాలు. పైగా ఇప్పుడు డబ్బు బడి ఖాతాలో ఉండదు. ఖాతా ఎప్పుడూ సున్నాయే. ఇంత దాకా వాడుకోవచ్చని పైనుంచి లిమిట్ ఇస్తారు. దుకాణం ఆయనను పీఎఫ్ఎంఎస్ అనే సర్కారు చెల్లింపుల వెబ్‌సైటులో వెండరుగా ఎక్కించి, పీపీఏ అనే చెల్లింపు కాగితం ప్రింటు తీసి, సంతకాలు పెట్టి, స్టాంపు గుద్ది బ్యాంకులో ఇవ్వాలి. 31 దాటిందా, లిమిట్ మాయం.

ఒక మార్చి 30న అక్కతో పాటు బ్యాంకుకు పోయాను. కౌంటర్ ముందు పద్నాలుగు మంది హెచ్చెంలు, అందరి చేతుల్లో అదే కాగితం. అందరి వెండరూ ఒకే ఆయన, ఎందుకంటే మండల కేంద్రంలో జీఎస్టీ బిల్లు ఇచ్చే స్టేషనరీ దుకాణం అదొక్కటే. సర్వర్ డౌన్ అన్నారు. ఒక పెద్ద సారు గోడకు ఆనుకుని నిలబడి నిద్రపోతున్నాడు. "రిటైరయ్యేలోపు ఇదొక్కటి తప్పితే సాలు" అన్నాడు లేచాక.

క్యాష్‌బుక్‌లో ఆ ఏడాది రాసినవి ఇవి: చాక్‌పీసు డబ్బాలు, రిజిస్టర్లు, ఒక క్యారమ్ బోర్డు, గోడ గడియారం. అదే ఏడాది నిజంగా జరిగిన ఖర్చులు వేరు. జూన్‌లో కుళాయి ఊడింది. జూలైలో మోటరు స్టార్టర్ కాలింది. ఆగస్టులో వానకు వంటగది రేకు లేచింది. ఇవన్నీ అక్క పర్సులోంచి పోయాయి. కొన్ని మార్చిలో వేరే పేర్లతో తిరిగొచ్చాయి. ఆడిట్ పని చేసుకునేవాడు రాయకూడని మాట ఇది, రాస్తున్నా.

ఇంతకీ ఈ బడి ఎవరిది? గోడ మీద "మండల పరిషత్" అని ఉంది. పై ఊరి హైస్కూలు మీద "జిల్లా పరిషత్" అని ఉంది. 1959లో సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చినప్పటి నుంచీ ఊరి బళ్లకు ఈ ఇంటి పేరు అంటుకుంది. తర్వాత ఎనభైల్లో సమితులు పోయి మండలాలొచ్చాయి, బోర్డుల మీద పేరు మారింది. పేరు పెట్టినవాళ్లకు మాత్రం బడి మీద ఇప్పుడు ఏ పెత్తనమూ లేదు. టీచర్‌ను వేసేది, తీసేది, బదిలీ చేసేది హైదరాబాద్. పుస్తకం, పరీక్ష, గ్రాంటు అన్నీ అక్కడే. రుజువు కావాలంటే ఒకటి చాలు. 2024 జూలైలో మండల, జిల్లా పరిషత్ పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు కూర్చున్నారు. అక్క బడికి ఆ సంగతి తెలియనే లేదు. యజమాని ఇల్లు ఖాళీ చేసి పోతే కిరాయిదారుకు తెలియకుండా ఉంటుందా?

మధ్యలో ఉండాల్సిన మనుషులూ సరిగ్గా లేరు. 2016 అక్టోబరులో మన పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది, 2019లో ములుగు కూడా విడిపోయింది. ఆఫీసులు, బోర్డులు, కార్లు వచ్చాయి. జిల్లా విద్యాధికారి (డీఈఓ) పోస్టులు ఆ లెక్కన రాలేదు, చాలాచోట్ల ఇన్‌చార్జీలే. మండల విద్యాధికారుల (ఎంఈఓల) సంగతి ఇంకా ఘోరం. ఏదో ఒక హైస్కూలు హెచ్చెం సారుకే మండలం మొత్తం అప్పజెప్పి నడిపిస్తున్నారు. దీని వెనక పాత పంచాయితీ ఒకటుంది. గవర్నమెంటు టీచర్లు, లోకల్ బాడీ టీచర్లు అని రెండు వర్గాలు, ఒకే సర్వీసు రూల్సు కావాలని దశాబ్దాల కొట్లాట. 2017లో రాష్ట్రపతి ఉత్తర్వు తెచ్చారు, 2018లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రమోషన్ ఎవరికి రావాలో తేలక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. రెండు వైపులా న్యాయం ఉందంటారు, ఉండొచ్చు. అక్క బడికి చెకింగ్ కోసం ఎవరైనా వచ్చి నిజంగా ఒక గంట కూర్చుని రెండేళ్లు దాటింది, నాకు తెలిసింది అది.

మా పెద్దనాన్న కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాడు. ఇల్లు ఎట్లుందో చెప్పకముందే బడి ఎట్లుందో చెప్పాడు. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా లాంటిది కాదు, బడుల కోసమే ఉన్న ఒక చిన్న సర్కారు. దానికో బోర్డు, ఆ బోర్డుకు ఓట్లు. ఇంటి పన్నులో పెద్ద వాటా దానికే పోతుంది. వాడు పన్ను కడుతూ తిడతాడు, తిడుతూ మీటింగుకు పోతాడు. ఆ పద్ధతి మనకు తెద్దామని నేననను. కలిగినోళ్ల ఊరికి కలిగిన బడి, లేనోళ్ల ఊరికి లేని బడి అవుతుంది. టెక్సస్‌లోనే ధనిక డిస్ట్రిక్టుల దగ్గర కొంత తీసి పేద డిస్ట్రిక్టులకు పంచే చట్టం చేసుకోవాల్సి వచ్చింది, దాన్ని రాబిన్ హుడ్ చట్టమని పిలుచుకుంటారు. వర్ధన్నపేట అవతల ఊరి ఇంటి పన్నుతో బడి నడపాలంటే చాక్‌పీసులు కూడా రావు. పైసలు హైదరాబాద్ నుంచే రావాలి. నాకు వాడి మీద ఈర్ష్య పుట్టిందల్లా ఒక్క దాని గురించే. బడి బాగాలేదనుకోండి, ఎవరి దగ్గరికి పోయి కొట్లాడాలో వాడికి తెలుసు.

మనకూ కాగితం మీద ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలంది. సభ్యుల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు. బడికి ఏం కావాలో ప్లాన్ రాసేది వాళ్లే. 2024లో పనుల కోసం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, ఊరి మహిళా సంఘం అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్చెం కన్వీనర్. ఆలోచన మంచిదే. మా అక్క ఊళ్లో చైర్‌పర్సన్ పత్తికి కూలికి పోతుంది. సంతకం కావాలంటే అక్క సాయంత్రం చేను గట్టు దాకా నడుస్తుంది. ఒకసారి నేనూ పోయాను. ఆమె ఒడిలో పత్తి దులిపి, పెన్ను పట్టుకుని, "మేడం, ఇంతకుముందు పెట్టింది అయిపోయిందా, ఇది కొత్తదా?" అని అడిగింది. ఆరేళ్లలో ఆ బడి లెక్క గురించి బయటి మనిషి ఎవరైనా అడగంగా నేను విన్న ప్రశ్న అదొక్కటే. ఆమెకు ఆ ప్రశ్న అడిగే తెలివి ఉంది. జవాబు చూసి ఏదైనా మార్చే అధికారమే లేదు.

పత్తి అంటే గుర్తొచ్చింది. పోయిన డిసెంబరులో ఒక రోజు అక్క బళ్లో కూర్చున్నా. రెండో టీచర్ ట్రైనింగుకు పోయాడు. ఐదు తరగతులూ రెండు గదుల్లో, అక్క ఒక్కతే. నూటికి ఇరవై మంది రాలేదు, పత్తి ఏరే కాలం అది, చిన్న పిల్లలను చూసుకోవడానికి పెద్ద పిల్లలను ఆపేస్తారు. మూడో తరగతి పిల్ల ఒకతి నా పక్కకొచ్చి తెలుగు పాఠం చదివి వినిపించింది. గడగడా చదివింది. వేలు మాత్రం బొమ్మ మీదనే ఉంది. ఒక చోట ఆపి, "ఇక్కడినుంచి చదువు బిడ్డా" అని మధ్య వాక్యం చూపించాను. మళ్లీ మొదటి నుంచి అందుకుంది. పాఠం మొత్తం కంఠతా వచ్చు.

అప్పుడు పలక తీసుకుని "పత్తి" అని రాశాను. చాలాసేపు చూసింది. "పతి" అంది.

అక్క అవతలి గదిలోంచి విని నవ్వింది. నవ్వి, వెంటనే ఊరుకుంది. అక్షరాలొచ్చు, గుణింతాలు కొన్ని వచ్చు, ఒత్తు రాలేదు. వాళ్లమ్మ రోజంతా ఏరేది అదే, ఇల్లంతా అదే ఆరబోసి ఉంటుంది. గణితం పుస్తకం తెరిస్తే ఇంకో చిక్కు. 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం కదా, ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష. ఆ పిల్లకు రెండు పేజీలూ బొమ్మలే.

ఇది ఆ ఒక్క బడి కథ కాదు. అసర్ సర్వేవాళ్లు ఇంటింటికీ పోయి పిల్లల చేత రెండో తరగతి స్థాయి చిన్న కథ చదివిస్తారు. 2024లో దేశం మొత్తం మీద సర్కారు బళ్ల మూడో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగింది 23.4 శాతం. తెలంగాణ ఆ సగటు కంటే కూడా కిందనే ఉంది. ఇక్కడ ప్రయత్నం లేదనను. 2022 ఆగస్టు 15న చిన్న తరగతులకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది, సరిగ్గా దీనికోసమే. కానీ నెలనెలా పరీక్ష పెట్టేది ఆ టీచరే, మార్కు వేసేది ఆమే, యాప్‌లో ఎక్కించేది ఆమే. తక్కువ ఎక్కిస్తే మీటింగులో నిలబెడతారు. ఇక తక్కువ ఎవరెక్కిస్తారు? నా క్లయింట్లకే లాభనష్టాల పట్టీ వాళ్లనే రాసుకుని వాళ్లనే ఆడిట్ చేసుకోమంటే నా పని ఎప్పుడో పోయేది.

ఇప్పుడు ఇదే జిల్లాల్లో పదో తరగతి చూడండి. 2025 ఫలితాల్లో రాష్ట్రం మొత్తం 92.78 శాతం. మొదటి స్థానం మన పక్కనున్న మహబూబాబాద్‌ది, 99.29. అంతకుముందు ఏడు నిర్మల్, 99.05. తండాలు, గూడేలు, కూలి కుటుంబాలు ఎక్కువున్న జిల్లాలివి. ఈ అంకెల్ని నేను వెక్కిరించను. ఆ అంకె వెనక చాకిరీ దగ్గర్నుంచి చూసినవాడిని. చలికాలం నుంచే పొద్దున గంట, సాయంత్రం గంట ప్రత్యేక తరగతులు. వెనకబడ్డ పిల్లల పేర్లు రాసి ఒక్కో టీచరుకు కొందరిని దత్తత ఇస్తారు. తెల్లారి ఐదింటికి సారే ఫోన్ చేసి లేపుతాడు. కలెక్టర్ దగ్గర రివ్యూ ఉంటుంది. మా బావ హైస్కూల్ లెక్కల సారు, ఫిబ్రవరి, మార్చిలో ఆయన ఇంట్లో కనబడడు. ఒక పిల్లవాడు రెండు రోజులు రాకపోతే బండేసుకుని వాళ్ల చేను దాకా పోయి వెనక కూర్చోబెట్టుకొచ్చాడు.

అంటే మన యంత్రాంగానికి చేతకాదన్న మాట అబద్ధం. కలెక్టర్ నుంచి హెచ్చెం దాకా ఒకే పిల్లవాడి పేరు పట్టుకుని వెతకగలరు. ఆ వెతుకులాట పదిహేనో ఏట మొదలవుతుంది, ఎందుకంటే జిల్లాకు ర్యాంకు వచ్చేది అక్కడే, పేపర్లో ఫొటో పడేది అక్కడే. ఎనిమిదేళ్ల పిల్ల ఒత్తు చదవకపోతే ఏ జిల్లా ర్యాంకూ తగ్గదు. మా బావ మాటల్లో చెప్పాలంటే, "మీ అక్క కాడ పోయినదాన్ని నేను మూడు నెలల్ల ఎట్ల తెస్త? పాస్ మార్కులకు సరిపోయే పది ప్రశ్నలు నూరిపోస్త." ఈ మాట మీద వాళ్లిద్దరికీ ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. అక్క జవాబు కూడా రాయాలి: "నాకు ఇద్దరు టీచర్లు, ఐదు క్లాసులు. మీకు సబ్జెక్టుకొక సారు."

ఆమె చెప్పింది లెక్క ప్రకారమే. చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. పట్నంలో ఒకే తరగతి గదికి అది బాగానే ఉంటుంది. ఊళ్లో 27 మంది ఐదు తరగతుల్లో ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక డ్యూటీ మీద ఉంటారు. 2024 నవంబరులో కులగణనకు 36 వేలకు పైగా ఎస్జీటీలను ఎన్యూమరేటర్లుగా తీసుకున్నారు. ఆ రోజుల్లో ప్రాథమిక బళ్లు ఒంటిపూటే నడిచాయి. హైస్కూళ్లను ముట్టలేదు, పదో తరగతి ఉంది కదా. కులగణన అక్కర్లేదని కాదు. కోత ఎప్పుడు పెట్టినా చిన్న పిల్లల పూటకే పెడతారు. ఇంతకుముందు ఖాళీల్లో విద్యా వాలంటీర్లుండేవాళ్లు, నెలకు 12,000 ఇచ్చి. కరోనాతో వాళ్లను ఆపేశారు, తిరిగి తీసుకోలేదు. 2024 డీఎస్సీలో పదివేల మందికి పైగా కొత్త టీచర్లొచ్చారు, అక్క బళ్లో రెండో ఆయన వాళ్లలో ఒకడే. పాపం చురుకైన పిలగాడు. చురుకైనవాడు కాబట్టే అన్ని ట్రైనింగులకూ ఆయన్నే పిలుస్తారు.

డబ్బు లేదనే మాట కూడా నేను సగమే నమ్ముతా. 2025-26 బడ్జెట్‌లో విద్యకు 23,108 కోట్లు, మొత్తం బడ్జెట్‌లో ఏడున్నర శాతం చిల్లర. తక్కువే, అందులో పెద్ద భాగం జీతాలే. కానీ కట్టడానికి డబ్బు ఎప్పుడూ దొరుకుతుంది. 2022లో సర్కారు బళ్లను బాగుచేసే మన ఊరు మన బడి పథకం వచ్చింది, 26,065 బళ్లు, 7,289 కోట్లు అన్నారు. తొలి విడతకు ఎక్కువ మంది పిల్లలున్న 9,123 బళ్లను ఏరారు. పిల్లలు ఎక్కువున్న బడికే రంగు, పిల్లలు తగ్గుతున్న బడి ఇంకా తగ్గడానికి ఇంకో కారణం. ఇప్పుడు యంగ్ ఇండియా సమీకృత గురుకులాలు, ఒక్కోదానికి 200 కోట్లు. లెక్కలోడి బుద్ధి ఊరుకోదు కదా, వేసి చూశాను. రాష్ట్రంలో అన్ని బళ్లూ అక్క బడంత చిన్నవే అనుకుని తలా పదివేలిస్తే ఏడాదికి 26 కోట్లు. ఒక్క గురుకులం ఖర్చుతో ఏడేళ్లు దాటి నడుస్తుంది. గురుకులాలు వద్దని నేననను, ఎంతో మంది మాదిగ, లంబాడి పిల్లల రాత మార్చాయవి. కానీ గురుకులం ఐదో తరగతిలో ఎంట్రెన్సు పెట్టి తీసుకుంటుంది. "పతి" అని చదివే పిల్ల ఆ ఎంట్రెన్సు ఎట్లా రాస్తుంది?

నాకు కావలసింది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. ఆ పదివేలు జూన్ మొదటి వారంలో రావాలి, మార్చిలో గుంజుకోకూడదు. దేనికి ఖర్చు పెట్టాలో పత్తి చేను దగ్గర ఆ ప్రశ్న అడిగిన ఆమె, అక్క కూర్చుని తేల్చాలి, ఖర్చు పట్టీ బడి గోడ మీద అంటించాలి. తింటారని అంటారు. పదివేల్లో తినేదెంత, నేనే ఆడిట్ చేసి పెడతా, ఫీజు వద్దు. రెండోది, పదో తరగతి ర్యాంకులు ప్రకటించిన రోజే ప్రతి జిల్లా మూడో తరగతి పిల్లల్లో ఎందరు చదవగలరో కూడా ప్రకటించాలి. ఆ పరీక్ష ఆ బడి టీచరు కాకుండా పక్క మండలం టీచరు పెట్టాలి. కలెక్టర్ రివ్యూలో ఆ అంకె మీద కూడా ఒక గంట నిలబడాలి. అప్పుడు డ్యూటీలకు ఎవరిని పంపాలో వాళ్లే రెండుసార్లు ఆలోచిస్తారు. మా బావకు మూడు నెలల్లో పది ప్రశ్నలు నూరిపోసే బాధ ఏడేళ్ల తర్వాత కొంతైనా తప్పుతుంది.

ఇదంతా జరిగేలోపు బళ్లు ఉంటాయా అన్నది వేరే సంగతి. 2024-25 యూడైస్ లెక్కల్లో, అంటే దేశంలోని బడులన్నిటి సర్కారు లెక్కల్లో, ఒక్క పిల్ల కూడా లేని బళ్లు తెలంగాణలో 2,245. అక్క ఊళ్లోకి పొద్దున ఏడున్నరకే ప్రైవేటు బళ్ల పసుపు వ్యాన్లు రెండు వస్తాయి. బడిబాట అని టీచర్లు ఇంటింటికీ తిరిగే వారంలో కూడా అవి ఆగవు.

మొన్న జూన్‌లో క్యాష్‌బుక్ సంతకాలకని పోతే, ఆ పిల్ల నాయిన వచ్చి నిలబడ్డాడు. టీసీ కావాలన్నాడు. ప్రైమరీ బళ్లో దాన్ని రికార్డు షీటంటారు. అక్క ఆపడానికి చూసింది, "ఈ ఒక్క ఏడు సూడు తమ్మీ" అంది. ఆయన తల గోక్కుని, "మీరు మంచోళ్లే మేడం. గాని ఇద్దరుంటరు, ఒకరే కనబడుతరు" అన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. బీరువాలోంచి కట్ట తీసి రాయడం మొదలుపెట్టింది. పిల్ల పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి: మూడు. పై తరగతికి అర్హత పొందినదా అన్న గడి దగ్గర ఒక్క క్షణం పెన్ను ఆగింది. "అవును" అని రాసి, స్టాంపు కోసం సొరుగు వెతికింది. బడి ఇప్పుడు ఇరవై ఆరు.